తలుపు తెరవకుండా రొట్టె కాలడం చూడాలి: మూడు అద్దాల ఓవెన్ తలుపు, ప్రాజెక్టు డైరీ

ఎవరైనా ఇదే పని మొదలుపెడితే నేను ఆగిన చోట ఆగకూడదని ఈ డైరీ రాస్తున్నాను. ఈ పని అంతా, బల్లమీద పెట్టుకునే చిన్న ఎలక్ట్రిక్ ఓవెన్ మీద. లోపల ఉన్నది ఎంత పొంగింది, ఏ రంగుకు వచ్చింది అన్నది తలుపు తెరవకుండా తెలియాలి. ఈ రెండూ తెలియకపోతే అద్దం ఎంత పెద్దదైనా అది అలంకారమే.

మైక్రోవేవ్ ఓవెన్‌కి ఇందులో ఏదీ వర్తించదు. దాని తలుపులోని చిల్లుల రేకు చూపుకు అడ్డమనిపిస్తుంది కానీ, 12 సెం.మీ. పైచిలుకు పొడవున్న తరంగాలను లోపలే ఆపేది అదే. ఆ రేకు తీయకూడదు, చిల్లులు పెద్దవి చేయకూడదు. అసలు ఆ తలుపు విప్పనే విప్పవద్దు.

## దశ 0: ఏమీ మార్చకముందు కొలతలు

ఓవెన్ 1500 వాట్లది. తలుపుకు 4 మి.మీ. టెంపర్డ్ (వేడిచేసి, ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరచిన) అద్దం ఒక్కటే. దాని మీద నల్లచుక్కల అచ్చు, కాస్త పొగరంగు. కనబడే భాగం 320 × 200 మి.మీ. లోపల దీపం లేదు. పరీక్షలన్నీ 220 డిగ్రీల దగ్గర (ఇక్కడ డిగ్రీలంటే సెల్సియస్), గది 28 డిగ్రీలు ఉండగా చేసినవి.

కొలిచిన పద్ధతి:

1. కే రకం థర్మోకపుల్స్ (వేడిని కొలిచే వైరు జంటలు) నాలుగు: లోపలి గాలికి, అద్దం లోపలి ముఖానికి, బయటి ముఖానికి, గదికి. వైరు గాజునార తొడుగుది తీసుకోవాలి. ప్లాస్టిక్ తొడుగు ఈ వేడికి కరిగిపోతుంది.
2. బయటి ముఖానికి థర్మోకపుల్‌ని పాలీఇమైడ్ టేపుతో (వేడికి తట్టుకునే టేపు) అతికించాను.
3. కాంతికి లక్స్ మీటరు. తలుపు అడ్డం ఉన్నప్పుడొకసారి, లేనప్పుడొకసారి.
4. ఓవెన్ ప్లగ్గు దగ్గర కరెంటు మీటరు.

ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో అద్దం గుండా రొట్టె వేడి చూడబోతే అంకె వస్తుంది, కానీ అది రొట్టెది కాదు, అద్దానిది. కంటికి కనిపించే కాంతిని వదిలే గాజు, ఈ వేడి దగ్గర వస్తువులు వెదజల్లే పొడవాటి ఇన్‌ఫ్రారెడ్‌ని దాదాపు పూర్తిగా మింగేస్తుంది. గన్ను పక్కన పెట్టేశాను.

వచ్చిన అంకెలు: బయటి అద్దం నడిమధ్య 125 డిగ్రీలు. తలుపు 10 సెకన్లు తెరిస్తే లోపలి గాలి 220 నుంచి 158కి పడింది, మళ్లీ ఎక్కడానికి 4 నిమిషాలు పట్టింది. గోడల్లో దాగిన వేడి అంతగా తగ్గదు కాబట్టి ఆ నష్టం పూడేదే. పూడనిది ఆవిరి. మొదటి పది పన్నెండు నిమిషాలు పైపొరను మెత్తగా ఉంచి, సాగనిచ్చి, రొట్టెను పొంగనిచ్చేది ఆ ఆవిరే. అది ఒకసారి బయటికి పోతే హీటర్ తిరిగి తేలేదు. తలుపు తీయకుండా చూడాలనే పట్టుదల ఇక్కడినుంచే వచ్చింది.

లెక్క (దశ 0): అద్దాలు 1 | అద్దం బరువు 0.75 కిలోలు | బయటి ముఖం 125 డిగ్రీలు | అద్దం గుండా పోయే వేడి సుమారు 93 వాట్లు | దాటే కాంతి 38 శాతం

వాట్ల అంకె నేరుగా కొలిచింది కాదు. బయటి ముఖానికీ గదికీ ఉన్న తేడాను వైశాల్యంతో, చదరపు మీటరుకు డిగ్రీకి 15 వాట్లతో గుణించినది. అద్దం చల్లబడే కొద్దీ ఆ 15ని 13, 12, 11కి తగ్గిస్తూ వచ్చాను. పోల్చి చూసుకోవడానికి ఇది చాలు.

## దశ 1: ఏ గాజు, ఎలా పట్టించాలి

లోపలివైపు అద్దానికి కిటికీ గాజు సరిపోతుందా అని ముందు ఒక వ్యర్థపు ముక్కను రేకు ఫ్రేములో బిగించి వేడి చేశాను. అంచునుంచి పగిలింది. నడిమి భాగం వేడెక్కుతుంది, ఫ్రేము కింద దాగిన 12 మి.మీ. అంచు చల్లగానే ఉంటుంది. సాగాలనుకునే మధ్యభాగం సాగని అంచును లాగుతుంది. మధ్యకూ అంచుకూ 60 డిగ్రీల తేడా ఉంటే కిటికీ గాజులో పుట్టే తన్యత ఒత్తిడి (గాజును లాగి చీల్చే బలం) సుమారు 38 మెగాపాస్కల్స్. చిన్న పెచ్చు లేచిన అంచు అంత తట్టుకోదు. అదే తేడాకు బోరోసిలికేట్‌లో (వేడికి తక్కువ సాగే గాజు) 13 దాటదు, ఎందుకంటే డిగ్రీకి అది సాగేది మూడోవంతు కన్నా కొంచెమే ఎక్కువ.

కాబట్టి లోపలి అద్దం 4 మి.మీ. బోరోసిలికేట్. బయటిది టెంపర్డ్, చుక్కలూ రంగూ లేనిది. టెంపర్ చేశాక గాజును కోయడానికీ, చిల్లు పెట్టడానికీ వీల్లేదు, మొత్తం నుగ్గయిపోతుంది. చిల్లులు, గుండ్రని మూలలు, అంచు నునుపు అన్నీ టెంపరింగ్‌కి ముందే చేయించుకోవాలి. బోరోసిలికేట్‌ని మాత్రం ఇంట్లోనే గాజు కట్టర్‌తో కోయవచ్చు.

1. గీత ఒక్కసారే, ఒకే ఒత్తిడితో గీయాలి. గీసిన చోట మళ్లీ గీస్తే పగులు పక్కకు పోతుంది.
2. కోసిన అంచును నీళ్లతో తడుపుతూ 220, తర్వాత 400 నంబరు సాండ్‌పేపరుతో రుద్దాలి. పొడిగా రుద్దితే గాజు ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.
3. అంచు వెంట గోరు ఆనించి నడపండి. ఎక్కడ తట్టుకుంటే అక్కడ ఇంకా రుద్దాలి.

పట్టించే తీరు దగ్గర చాలా కాలం పోయింది. మొదట స్టెయిన్‌లెస్ రేకు చట్రంలో, మూలలకు స్క్రూలు, చుట్టూ వేడికి తట్టుకునే సిలికోన్. రెండోసారి వేడెక్కినప్పుడు కింది ఎడమ మూలలో సన్నని పగులు. లెక్క వేసి చూస్తే కారణం తెలిసింది. 340 మి.మీ. గాజు ఓవెన్ వేడికి 0.2 మి.మీ. సాగితే, అంతే పొడవున్న స్టెయిన్‌లెస్ చట్రం 0.9 మి.మీ. దాకా సాగుతుంది. చల్లారినప్పుడు చట్రం తన చోటికి తిరిగి వస్తూ, మధ్యలో జరిగిన గాజును మూలలో నొక్కుతోంది. గట్టిగా బిగించిన కొద్దీ పగిలే అవకాశం పెరుగుతుంది.

మార్చినవి:

1. గాజు చుట్టూ అన్ని వైపులా 2 మి.మీ. ఖాళీ.
2. స్క్రూల బదులు 0.5 మి.మీ. స్ప్రింగ్ స్టీలు క్లిప్పులు ఆరు. గాజుకూ క్లిప్పుకూ మధ్య గాజునార టేపు.
3. సిలికోన్ పూర్తిగా తీసేశాను. (దీనికి ఇంకో కారణం కూడా ఉంది, దశ 3లో.)

క్లిప్పులకు ఇంకో మేలుంది. రెండు క్లిప్పులు తిప్పితే లోపలి అద్దం చేతికి వస్తుంది, కడిగి పెట్టుకోవచ్చు. నూనె తుంపరలు మాడి గోధుమరంగు పొరగా మారితే రొట్టె రంగు ఎవరూ చెప్పలేరు. ఊడదీసి కడగలేని అద్దం కొన్ని నెలలకే గోడ అయిపోతుంది. ఈ ఒక్క విషయం మీద నేను రాజీ పడను.

లెక్క (దశ 1): అద్దాలు 2, మధ్య 12 మి.మీ. గాలి | 1.5 కిలోలు | బయటి ముఖం 98 డిగ్రీలు | 58 వాట్లు | కాంతి 84 శాతం

## దశ 2: కనబడని పూత

98 డిగ్రీలంటే ఇంకా చెయ్యి కాలే వేడే. రెండు అద్దాల మధ్య వేడి దాటే దారులు రెండు: గాలి, రేడియేషన్ (వేడి గాజు వెదజల్లే ఇన్‌ఫ్రారెడ్). ఈ వేడి దగ్గర రేడియేషన్ వాటా గాలి వాటాకు మూడు రెట్లకు మించి ఉంటుంది. అందుకే ఖాళీని 12 నుంచి 20 మి.మీ.కి పెంచి చూసినా బయటి ముఖం 2 డిగ్రీలకు మించి తగ్గలేదు. ఖాళీ పెరిగితే లోపల గాలి తిరగడం కూడా మొదలవుతుంది. మళ్లీ 12కే తెచ్చాను.

పని చేసింది టిన్ ఆక్సైడ్ పూత ఉన్న గాజు. తయారీలో గాజు వేడిగా ఉండగానే కాల్చి పట్టించిన గట్టి పూత ఇది. కంటికి కనిపించదు. ఇన్‌ఫ్రారెడ్‌ను మాత్రం వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. మామూలు గాజు వెదజల్లే రేడియేషన్‌లో ఈ ముఖం వెదజల్లేది అయిదోవంతు లోపే. మెత్తని వెండి పూతల గాజు కూడా ఉంటుంది, దాన్ని వేడికి వాడవద్దు.

పూత ఏ ముఖం మీద ఉందో చూపుతో తెలియదు. మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టి రెండు మొనలూ గాజుకు ఆనించండి. పూత ఉన్న ముఖం కరెంటును పోనిస్తుంది కాబట్టి పదుల ఓమ్స్ చూపుతుంది. లేని ముఖం ఏమీ చూపదు. పూత ముఖాన్ని గాలి ఖాళీవైపు, లోపలి బోరోసిలికేట్‌కి ఎదురుగా పెట్టాలి. అప్పుడు దానికి పీచు తగలదు, గీతలు పడవు.

బయటి ముఖం 76కి దిగింది. వేడి బయటికి పోకపోవడంతో లోపలి అద్దం 159 నుంచి 181కి పెరిగింది. ఆ పెరుగుదల ఎంత పనికొచ్చిందో తర్వాతి దశలో ఉంది.

లెక్క (దశ 2): అద్దాలు 2 | 1.5 కిలోలు | బయటి ముఖం 76 డిగ్రీలు | 37 వాట్లు | కాంతి 75 శాతం

## దశ 3: ఆవిరి మసక

అద్దానికి పట్టే మసక రెండు రకాలు. రెండింటికీ కారణాలు వేరు, మందులూ వేరు.

లోపలి ముఖం మీద. పిండి ముద్ద పెట్టగానే ఆవిరి లేస్తుంది. చల్లగా ఉన్న అద్దం మీద అది నీటి చుక్కలవుతుంది. ఓవెన్‌లో ఎంత ఆవిరి నిండినా నీరు పేరుకునే హద్దు 100 డిగ్రీలే. అద్దం అంతకన్నా వేడిగా ఉంటే చుక్క నిలవదు. థర్మోస్టాట్ దీపం ఆరిందని ఓవెన్ సిద్ధమైందనుకుంటాం, కానీ ఆ క్షణంలో గాలి 220 ఉన్నా అద్దం 85 దగ్గరే ఉంది. పిండి పొంగే తొలి నిమిషాలు, అంటే చూడవలసినదంతా జరిగే సమయం, తెల్లని మసక వెనకే గడిచిపోయేది.

దీనికి కొత్త భాగమేమీ చేర్చలేదు. దీపం ఆరాక ఇంకో 8 నిమిషాలు ఖాళీగా వేడెక్కనిచ్చాను. పూత ఉండటం వల్ల అద్దం ఆ లోపే 140 దాటింది. ముద్ద పెట్టడానికి తలుపు తీసినప్పుడు 118కి పడింది, మసక పట్టలేదు. పూత లేని రెండు అద్దాలతో ఇదే చేస్తే తలుపు మూసేసరికి 97, కింది అంచుల్లో మసక.

రెండు అద్దాల మధ్య. ఇది తుడవడానికి చెయ్యి దూరనిది. సిలికోన్‌తో నాలుగువైపులా మూసిన తలుపులో మూడో వాడకానికే నీలిరంగు జిడ్డు పొర కనిపించింది. సిలికోన్ నుంచి వేడికి లేచిన ఆవిర్లు చల్లని బయటి అద్దం మీద పేరుకున్నాయి. ముందే కాల్చి ఆరబెట్టిన సిలికోన్‌తో పొర తగ్గింది కానీ పోలేదు. గాస్కెట్‌లోని (తలుపు సందు మూసే పట్టీ) తేమకూ బయటికి దారి లేదు. మూసెయ్యడం వల్ల వచ్చిన తిప్పలు కాబట్టి తెరిచాను:

1. సిలికోన్ లేదు, క్లిప్పులూ గాజునార టేపే.
2. పూత గాజు బయట మూడో అద్దం, 4 మి.మీ. టెంపర్డ్, చేర్చాను.
3. మూడో అద్దం వెనక ఖాళీకి కింద 8 మి.మీ., పైన 8 మి.మీ. చీలిక. కింద చల్లగాలి దూరి, వేడెక్కి, పైనుంచి పోతుంది.
4. లోపలి ఖాళీకి పై అంచులో 3 మి.మీ. చిల్లులు నాలుగు, బయటి ఖాళీలోకి. తేమకు అంత చాలు.

బయటి ముఖం 54 డిగ్రీలకు వచ్చింది. పై చీలిక దగ్గర గాలి వేడిగా వస్తుంది కాబట్టి పిడిని దానికి దూరంగా, 40 మి.మీ. కిందికి జరిపాను.

బరువు మాత్రం సమస్య అయింది. ఒక్కో అద్దం 0.75 కిలోలు, మూడింటికి 2.25. కిందికి తెరుచుకునే తలుపు చేతినుంచి జారి ధడాలున పడేది. పూర్తిగా తెరిస్తే ఓవెన్ వెనక కాళ్లు లేచాయి. హింజుల స్ప్రింగులు గట్టివి మార్చాను, ముందు కాళ్లను 50 మి.మీ. ముందుకు తెచ్చాను. తలుపు తెరిచి, దాని అంచున 2 కిలోల బరువు పెట్టినా ఓవెన్ కదలకూడదు అన్నది నేను పెట్టుకున్న పరీక్ష. మీరు ఇది చేయకుండా అద్దాలు చేర్చవద్దు, వేడి ట్రేతో సహా మీదికి వస్తుంది.

లెక్క (దశ 3): అద్దాలు 3 | 2.25 కిలోలు | బయటి ముఖం 54 డిగ్రీలు | 33 వాట్లు (అద్దం మీంచి 18, చీలిక గాలితో 15) | కాంతి 69 శాతం

## దశ 4: వెలుతురు ఎటునుంచి

ప్లగ్గు తీసి, ఓవెన్ చల్లారాక మాత్రమే ఈ పని. లోహపు ఒళ్లంతా ఎర్త్‌కి కలిసి ఉండాలి, పని అయ్యాక మల్టీమీటరుతో చూసుకోవాలి.

ఎల్‌ఈడీలు లోపల బతకవు. 300 డిగ్రీలకు తయారైన జీ9 (రెండు కాళ్ల చిన్న బల్బు) హాలోజన్, 25 వాట్లది, గాజు మూత ఉన్న హోల్డర్‌లో పెట్టాను. బల్బును వట్టి వేళ్లతో తాకవద్దు. వేలి జిడ్డు వేడికి క్వార్ట్జ్ గాజును పాడుచేస్తుంది. వైరు గాజునార తొడుగుది, కనెక్టర్లు పింగాణీవి.

దీపం వెనక గోడకు పెట్టినప్పుడు ఓవెన్ వెలిగిపోయింది, కానీ రొట్టె నల్లని నీడలా కనిపించింది. మనవైపు ఉన్న ముఖం మీద వెలుతురే లేదు. దీపాన్ని కుడి గోడ మధ్యకు తెస్తే ఒక పక్క కనిపించింది, రెండో పక్క చీకటి. పైగా దీపానికి 60 మి.మీ. దూరంలో ఉన్న అంచు ముందుగా ఎర్రబడింది. తలుపు చట్రంలో, బయట ఎల్‌ఈడీలు పెట్టి లోపలికి వేస్తే మూడు అద్దాల ఆరు ముఖాలూ ఆ దీపాల్నే మనకు చూపించాయి. గాజు ముఖం ఒక్కోటి వచ్చిన కాంతిలో 4 శాతం దాకా వెనక్కి పంపుతుంది.

కుదిరిన చోటు: ముందు పై మూలలు రెండూ, తలుపు చట్రం వెనక దాగి, రొట్టెవైపు వాలి. బల్బు కంటికి కనిపించదు, వెలుతురు మనం చూసే ముఖం మీద పడుతుంది. రెండు దీపాలకు 50 వాట్లు. నొక్కినంతసేపే వెలిగే స్విచ్చు పెట్టాను కాబట్టి కాల్చే తీరు మారలేదు.

వెలుతురు రెండింతలైనప్పటికన్నా దాని దిక్కు మారినప్పుడు ఎక్కువ కనిపించింది. అద్దాల మీద పెట్టిన శ్రమంతా ఈ రెండు బల్బుల చోటు కుదిరాకే ఫలించింది.

## దశ 5: రంగును నమ్మడం ఎలా

హాలోజన్ వెలుతురు పసుపు. తెల్లని పిండి కూడా దోరగా కాలినట్టే అనిపిస్తుంది. కన్ను కొంతసేపటికి సర్దుకుంటుంది, రెండు బేకింగ్‌ల మధ్య పోలిక మాత్రం గుర్తుండదు. అందుకని తలుపుకు 250 మి.మీ. ఎదురుగా కెమెరా పెట్టాను. తలుపుకూ కెమెరాకూ మధ్య నల్లగుడ్డ గొట్టం ఉంటే గది ప్రతిబింబాలు పోతాయి.

మొదటి వరస ఫోటోల్లో రొట్టె రంగు మారనే లేదు. కెమెరా వైట్ బ్యాలెన్సునూ (తెలుపు ఎలా కనబడాలన్న సర్దుబాటు), ఎక్స్‌పోజర్‌నూ (ఎంత వెలుతురు తీసుకోవాలన్నది) తనంతట తాను సరిచేస్తోంది. రొట్టె ముదిరిన కొద్దీ ఫోటోను వెలిగిస్తోంది. రెండింటినీ లాక్ చేసి, లోపల ఒక ఆధారం పెట్టాను:

1. కాల్చిన పింగాణీ పలకలు మూడు: తెలుపు, లేత గోధుమ, ముదురు గోధుమ. వేడికి వీటి రంగు మారదు.
2. రొట్టె ఉన్న ఎత్తులోనే, దాని పక్కనే, అదే వెలుతురులో నిలబెట్టాలి. ట్రే కింద పెడితే నీడ పడి అంకెలు చెడతాయి.
3. ప్రతి ఫోటోలో తెల్లపలకను ముందు కొలిచి, తర్వాతే రొట్టెను.

వెలుగు విలువను నలుపుకు 0, తెలుపుకు 100 కొలమానంలో చూస్తే పచ్చిపిండి 80 దగ్గర మొదలైంది. 14వ నిమిషం దాకా 75 కిందికి రాలేదు. పైపొరలో నీరు ఉన్నంతసేపు దాని వేడి 100 చుట్టూనే నిలుస్తుంది. ఆరి 140 చేరువకు వెళ్లాకే ఎర్రబడటం వేగం అందుకుంటుంది. అక్కడినుంచి నిమిషానికి 2, 3 చొప్పున దిగి, నాకు నచ్చిన రంగు 56 దగ్గర కుదిరింది. ఇక్కడ రెండు నిమిషాల ఆలస్యం కంటికి స్పష్టంగా తెలుస్తుంది. లేత గోధుమ పలకతో రొట్టె కలిసిపోయినట్టు కనిపించినప్పుడు దించితే కెమెరా లేకుండానే పని జరుగుతోంది. ఇప్పుడు నేను రోజూ చేసేది అదే.

పొంగు కొలవడానికి వెనక గోడకు ఉక్కు స్కేలు నిలబెడితే కోణం తేడాతో 6 మి.మీ. ఎక్కువ చూపింది. రొట్టె ఉన్న తలంలోనే, 10 మి.మీ.కి ఒక గీత గీసిన స్టీలు కడ్డీ నిలబెట్టాక తేడా 1 మి.మీ. లోపుకు వచ్చింది. రంగు చూసి లోపల ఉడికిందని చెప్పలేం కాబట్టి మధ్యలో గుచ్చిన థర్మోకపుల్ 95 చూపడం వేరే షరతుగా ఉంచాను.

లెక్క (దశ 5): 220 దగ్గర గంటసేపు నిలిపినప్పుడు మీటరు అంకె 0.61 నుంచి 0.55 యూనిట్లకు తగ్గింది | మిగతావి దశ 3లో ఉన్నట్టే

## దశ 6: ఇంకా కనబడనిది

అడుగు. పైన వెలుగు విలువ 56కి వచ్చేసరికి కింద మాడిందో, పచ్చిగా ఉందో ఇప్పటికీ దించి తిరగేస్తేనే తెలుస్తోంది. మెరుగుపెట్టిన స్టీలు పలకను కింది హీటర్ కింద వాలుగా పెట్టి, బోరోసిలికేట్ ట్రేలో కాల్చి చూశాను. మొదటిసారి అడుగు చక్కగా కనిపించింది. రెండోసారికి కారిన చుక్కలు పలక మీద మాడాయి. మూడోసారికి స్టీలే వేడికి గోధుమరంగు తిరిగి, ఏ రంగు చూసినా కాలినట్టే చూపింది. పైగా గాజు ట్రే లోహపు ట్రే కన్నా నెమ్మదిగా వేడెక్కి, అడుగు కాలే సమయాన్నే మార్చేసింది. చూడటానికి పెట్టినది వంటనే మారిస్తే ఆ కొలత పనికిరాదు.

తర్వాత ప్రయత్నించేవి:

1. లోహపు ట్రేకు నడిమధ్య 40 మి.మీ. చిల్లు, దాంట్లో బోరోసిలికేట్ బిళ్ల. ట్రే మిగతా అంతా లోహమే కాబట్టి వేడి తీరు పెద్దగా మారకూడదు.
2. బిళ్ల మీదా, పక్కన లోహం మీదా ఒక్కో థర్మోకపుల్. తేడా 10 డిగ్రీలు దాటితే ఈ దారి వదిలేయడమే.
3. స్టీలు పలక బదులు, కడగడానికి బయటికి జారే గాజు పలక, వెనక నల్లరేకు. ప్రతిబింబం మసకే అయినా వేడికి రంగు మారదు.
4. అడుగుకు వేరే దీపం, అదే స్విచ్చు మీద, కింది ముందు మూలలో.